కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు మెరిసి మాయమయ్యే ఎర్రర్ మెసేజ్‌ను పట్టుకుని చదవడం ఎలా?

"సిస్టమ్ ఆన్ చేస్తే ఏదో వచ్చి పోతోంది, చదివేలోపే మళ్లీ రీస్టార్ట్ అవుతోంది. ఏం చేయాలి?" ఈ ప్రశ్న అడిగిన ప్రతి ఒక్కరినీ నేను తిరిగి అడిగేది ఒక్కటే: అక్కడ ఏం రాసి ఉంది? దానికి జవాబు లేకుండా చెప్పే సలహా ఏదైనా చీకట్లో రాయి వేయడమే. విండోస్ మళ్లీ వేయించడం, ర్యామ్ మార్చడం, కొత్త హార్డ్ డిస్క్ కొనడం అన్నీ ఆ తర్వాతి మాటలు. ముందు మెసేజ్ చేతికి రావాలి. ఒకటి కన్నా ఎక్కువ వస్తుంటే, మొట్టమొదట వచ్చింది మరీ ముఖ్యం.

ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాను. మా బంధువుల జిరాక్స్ షాపులో ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. రోజూ పొద్దున షాపు తీయగానే బ్లూ స్క్రీన్ వచ్చేది. పక్క షాపు అబ్బాయి వచ్చి బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే, మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) ఏదో మార్చి ఆన్ చేసి వెళ్లేవాడు. ఆ రోజంతా బాగానే నడిచేది, మర్నాడు మళ్లీ అదే కథ. విండోస్ పాడైంది, ఫార్మాట్ కొట్టాలని తేల్చేశారు. నేను ఫోన్‌తో స్లో మోషన్ వీడియో తీసి చూస్తే, బ్లూ స్క్రీన్‌కు ముందే, కంపెనీ లోగో రాకముందే, నల్ల తెర మీద ఒక తెల్లని లైను రెప్పపాటులో వచ్చి పోతోంది: "సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, డీఫాల్ట్స్ లోడెడ్".

మదర్‌బోర్డు మీద ఉండే రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది. రాత్రి షాపు కట్టేటప్పుడు మెయిన్ ఆపేస్తారు కాబట్టి బయోస్ సెట్టింగులన్నీ చెరిగిపోయి ఫ్యాక్టరీ స్థితికి వెళ్లిపోతున్నాయి. అంతకుముందు ఎస్‌ఎస్‌డీ వేసినప్పుడు బయోస్‌లో డిస్క్ మోడ్ (మదర్‌బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) మార్చారు. అది కూడా పాత మోడ్‌కు తిరిగిపోవడంతో విండోస్‌కు తన డిస్కే దొరకడం లేదు. పగలు ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపు సెట్టింగులు నిలబడుతున్నాయి, అందుకే మధ్యాహ్నం ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ఏమీ కాలేదు. కొత్త సెల్ వేసి మోడ్ సరిచేశాం, అంతే. అందరూ చూసింది రెండో మెసేజ్‌ను, అసలు సంగతి చెప్పింది మొదటిది.

ఒక చిన్న మాట. తెర మీద మెసేజ్‌లు ఇంగ్లిష్‌లోనే వస్తాయి. ఇక్కడ వాటిని చదివినట్టుగా తెలుగులో రాస్తున్నాను.

## 1. ఏ దశలో ఆగుతోందో ముందు తేల్చుకోండి

కంప్యూటర్ ఆన్ కావడంలో నాలుగు దశలు ఉంటాయి. ఎక్కడ ఆగుతోందో తెలిస్తే మెసేజ్ ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

- దశ 1: బటన్ నొక్కినప్పటి నుంచి తయారీ కంపెనీ లోగో వచ్చి పోయే దాకా. యంత్రం తన ర్యామ్, కీబోర్డు, గ్రాఫిక్స్ అన్నీ ఉన్నాయో లేదో తనే చూసుకునే సమయం ఇది. దీన్ని పోస్ట్ అంటారు. ఇక్కడి మెసేజ్‌లు బయోస్‌వి, విండోస్‌కు సంబంధం లేదు.
- దశ 2: లోగో పోయి, చుక్కలు తిరగడం మొదలయ్యే దాకా. ఏ డిస్క్ నుంచి బూట్ కావాలో వెతికే సమయం. "నో బూటబుల్ డివైస్" లాంటివి ఇక్కడ వస్తాయి.
- దశ 3: చుక్కలు తిరుగుతున్నప్పటి నుంచి లాగిన్ స్క్రీన్ దాకా. బ్లూ స్క్రీన్‌లు ఎక్కువగా ఇక్కడే.
- దశ 4: లాగిన్ అయ్యాక డెస్క్‌టాప్ మీద వచ్చే చిన్న బాక్సులు. "ఫలానా డీఎల్‌ఎల్ ఫైల్ దొరకలేదు" తరహావి.

దశ 1, 2లలో ఆగిపోతుంటే విండోస్ మళ్లీ వేయించడం వల్ల చాలాసార్లు ఒరిగేదేమీ ఉండదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే ఎన్నో ఫార్మాట్‌లు తప్పుతాయి.

## 2. మొదలుపెట్టే ముందు

- ముఖ్యమైన ఫైళ్లు బ్యాకప్ ఉన్నాయా? కంప్యూటర్ అప్పుడప్పుడైనా ఆన్ అవుతుంటే, అయిన వెంటనే ముందు ఫోటోలు, డాక్యుమెంట్లు బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. మిగతావన్నీ ఆ తర్వాత.
- బిట్‌లాకర్ రికవరీ కీ చేతిలో ఉందా? ఇది 48 అంకెల నంబరు.
- పెన్‌డ్రైవ్‌లు, ప్రింటర్, మెమరీ కార్డు, చార్జింగ్‌కు పెట్టిన ఫోన్ అన్నీ తీసేయండి. కీబోర్డు, మౌస్ చాలు.
- కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.
- ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే ఉంచండి.
- డెస్క్‌టాప్ అయితే మానిటర్‌ను ముందు ఆన్ చేసి, ఆ తర్వాతే సీపీయూ బటన్ నొక్కండి.

బిట్‌లాకర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన చాలా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో, మనం అడగకుండానే డిస్క్‌కు తాళం పడి ఉంటుంది. మామూలు రోజుల్లో అది తెలియదు. బయోస్‌లో సెక్యూర్ బూట్ లాంటి సెట్టింగ్ మారినా, రికవరీ మెనూలోకి వెళ్లినా ఆ కీ అడగవచ్చు. అప్పుడు లేకపోతే ఫైళ్లు డిస్క్‌లోనే ఉన్నా మనకు అందవు. ఇంకో కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో అదే మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, డివైసెస్ విభాగంలో రికవరీ కీ చూసి కాగితం మీద రాసుకోండి. ఈ పని చేయకుండా కింది మెట్లలోకి దిగవద్దు. టెన్షన్‌లో ఉన్నప్పుడు పాస్‌వర్డ్ కూడా గుర్తురాదు.

## 3. అన్నిటికన్నా సులువు: ఫోన్‌తో వీడియో

చాలామంది ఫోటో తీయబోతారు. మెసేజ్ అర సెకను కూడా ఉండనప్పుడు ఫోటోకు అందదు. వీడియో తీయాలి.

1. ఫోన్‌ను అడ్డంగా పట్టుకోండి. పుస్తకాల దొంతికో, స్టీలు గ్లాసుకో ఆనించి కదలకుండా పెడితే ఇంకా మేలు.
2. గదిలో లైటు తెర మీద పడుతుంటే ఆపేయండి.
3. కెమెరాలో స్లో మోషన్ ఎంచుకోండి. అది లేకపోతే సెకనుకు 60 ఫ్రేముల మామూలు వీడియో సరిపోతుంది.
4. తెర మీద ఏదైనా అక్షరం ఉన్నప్పుడే ఫోకస్ లాక్ చేయండి. నల్ల తెర మీద ఫోకస్ వెతుక్కుంటూ కెమెరా తడబడుతుంది, ఆ తడబాటులోనే మనకు కావాల్సిన లైను మసకబారిపోతుంది.
5. రికార్డింగ్ మొదలుపెట్టాకే పవర్ బటన్ నొక్కండి.
6. వీడియోను ఆపుతూ, వేలితో కొంచెం కొంచెం జరుపుతూ చూడండి. దొరికిన ఫ్రేమును స్క్రీన్‌షాట్ తీసుకోండి.

తెర మీద నల్ల గీతలు పడుతుంటే: మానిటర్ వెలుగు, కెమెరా వేగం ఒకదానికొకటి కుదరక అలా వస్తాయి. స్లో మోషన్ మాని 60 ఫ్రేములకు రండి, లేదా మానిటర్ బ్రైట్‌నెస్ మార్చి చూడండి.

అసలు ఏమీ కనబడకుండా నేరుగా విండోస్ వచ్చేస్తుంటే: మానిటర్ నిద్ర లేచేలోపే మెసేజ్ వచ్చి వెళ్లిపోయి ఉండవచ్చు. టీవీని మానిటర్‌గా వాడేవాళ్లకు ఇది మరీ ఎక్కువ, సిగ్నల్ అందుకోవడానికే దానికి కొన్ని సెకన్లు పడుతుంది. వేరే మానిటర్ తగిలించి చూడండి.

విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న డెస్క్‌టాప్‌లో తెర నల్లగా ఉంటే: కేబుల్ మదర్‌బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టి ఉందో లేదో వెనక చూడండి. ఊడ్చేటప్పుడు వైరు ఊడి, తిరిగి పెట్టేటప్పుడు రెండో పోర్టుకు వెళ్లిపోవడం ఇళ్లలో మామూలే.

## 4. లోగో వెనక దాగిన మెసేజ్‌ను బయటికి తేవడం

కంపెనీలు అందం కోసం లోగోతో పోస్ట్ మెసేజ్‌లను కప్పేస్తాయి. ఆ ముసుగు తీయాలి.

మొదటి ప్రయత్నంగా, లోగో కనబడగానే ఎస్కేప్ గానీ ట్యాబ్ గానీ నొక్కండి. కొన్ని బోర్డులలో లోగో పోయి వెనక ఉన్న అక్షరాలు కనబడతాయి. పాత బయోస్ ఉన్న కంప్యూటర్లలో పాజ్ బ్రేక్ కీ నొక్కితే తెర అక్కడే నిలిచిపోతుంది, తీరిగ్గా రాసుకుని వేరే కీ నొక్కితే ముందుకు కదులుతుంది. కొత్త వాటిలో ఇది పనిచేయకపోవడమే ఎక్కువ.

కుదరకపోతే బయోస్‌లోకి వెళ్లాలి. సాధారణంగా ఉండే కీలు ఇవి:

- డెల్: ఎఫ్2
- హెచ్‌పీ: ఎస్కేప్ నొక్కి మెనూ వచ్చాక ఎఫ్10
- లెనోవో: ఎఫ్2, థింక్‌ప్యాడ్ అయితే ఎఫ్1
- ఏసర్: ఎఫ్2
- అసూస్: ఎఫ్2 లేదా డిలీట్
- అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్‌లు (గిగాబైట్, ఎంఎస్ఐ బోర్డులు): డిలీట్

బటన్ నొక్కిన వెంటనే ఆ కీని టకటకా కొడుతూ ఉండాలి. ఒకసారి నొక్కి ఊరుకుంటే అందదు. లోపలికి వెళ్లాక బూట్ విభాగంలో ఈ నాలుగు వెతకండి. పేర్లు బోర్డును బట్టి కొంచెం మారతాయి, నాలుగూ ఉండకపోవచ్చు.

- క్వయట్ బూట్, ఫుల్ స్క్రీన్ లోగో: డిజేబుల్ చేయండి.
- ఫాస్ట్ బూట్: డిజేబుల్ చేయండి. ఇది ఆన్‌లో ఉంటే కొన్ని పరీక్షలనే దాటేస్తుంది.
- వెయిట్ ఫర్ ఎఫ్1 ఇఫ్ ఎర్రర్: ఎనేబుల్ చేయండి. తప్పు దొరికితే అక్కడే ఆగుతుంది. జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో దీన్ని ఎవరో ఆపేసి ఉండడం వల్లే మెసేజ్ అంత త్వరగా పారిపోయింది.
- పోస్ట్ డిలే టైమ్: 5 సెకన్లు పెట్టండి.

మార్చే ముందు ప్రతి పేజీకి ఫోటో తీయండి. ఇవి తప్ప ఇంకేదీ తాకవద్దు, ముఖ్యంగా డిస్క్ మోడ్‌ను, సెక్యూర్ బూట్‌ను. సేవ్ చేసి బయటికి రావడానికి చాలావాటిలో ఎఫ్10.

అక్కడే ఉన్నప్పుడు రెండు విషయాలు చూసుకోండి. తేదీ, టైము సరిగా ఉన్నాయా? ఏళ్ల వెనక్కి వెళ్లి ఉంటే సెల్ అయిపోయినట్టే. డిస్క్ పేరు లిస్టులో ఉందా? లేకపోతే సమస్య విండోస్‌లో లేదు, డిస్క్‌లోనో కేబుల్‌లోనో ఈ సెట్టింగుల్లోనో ఉంది.

## 5. తెర మీద ఏమీ రాకపోతే: చెవులు, లైట్లు

తెర వెలిగే స్థితి కూడా లేనప్పుడు యంత్రం శబ్దంతోనో లైటుతోనో చెబుతుంది.

- డెస్క్‌టాప్ బోర్డులో చిన్న స్పీకర్ ఉంటే బీప్‌లు వినిపిస్తాయి. ఎన్ని, పొడవువా పొట్టివా, మధ్యలో ఆగుతోందా అని రాసుకోండి.
- ఇటీవలి చాలా మదర్‌బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (డిస్క్) అని నాలుగు బుల్లి లైట్లు ఉంటాయి. ఏది వెలిగి ఆరకుండా ఉండిపోతుందో, అక్కడ ఆగిందని అర్థం.
- డెల్ ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ లైటు పసుపు ఎన్నిసార్లు, తెలుపు ఎన్నిసార్లు మెరిసిందో లెక్క. హెచ్‌పీలో క్యాప్స్ లాక్ లైటు చూడండి.

లెక్క తప్పుతుంది కాబట్టి దీన్నీ వీడియో తీయండి. "మూడు బీప్‌లంటే ర్యామ్" అని అందరికీ ఒకే అర్థం చెప్పే జాబితాలను నమ్మవద్దు. ఒక కంపెనీలో ర్యామ్‌కు ఉన్న బీప్‌లు ఇంకో కంపెనీలో గ్రాఫిక్స్‌కు కావచ్చు. మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్నదే ప్రమాణం.

## 6. బ్లూ స్క్రీన్‌ను తెర మీద నిలబెట్టడం

విండోస్ మామూలుగా బ్లూ స్క్రీన్ చూపించి తనే రీస్టార్ట్ అయిపోతుంది. ఆ అలవాటు మాన్పించాలి. విండోస్ 11 కొత్త వెర్షన్లలో ఈ తెర నల్లగా వస్తుంది, కంగారుపడకండి, విషయం అదే.

విండోస్‌లోకి వెళ్లగలిగితే:

1. స్టార్ట్‌లో "అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్" అని వెతికి తెరవండి.
2. కింద ఉన్న స్టార్టప్ అండ్ రికవరీ దగ్గర సెట్టింగ్స్ నొక్కండి.
3. "ఆటోమేటిక్‌లీ రీస్టార్ట్" పక్కన టిక్ తీసేయండి.
4. దాని కింద "స్మాల్ మెమరీ డంప్" గానీ "ఆటోమేటిక్ మెమరీ డంప్" గానీ ఉండేలా చూడండి. తర్వాత పనికొస్తుంది.

వెళ్లలేకపోతే:

1. విండోస్ వరసగా రెండుసార్లు ఆన్ కాలేకపోతే రికవరీ మెనూ దానంతటదే రావాలి. రాకపోతే చుక్కలు తిరుగుతున్నప్పుడు పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఆపి, మళ్లీ ఆన్ చేయండి. రెండు మూడుసార్లు ఇలా చేయాల్సి రావచ్చు. అప్‌డేట్ శాతం చూపిస్తున్నప్పుడు మాత్రం ఈ పని చేయవద్దు.
2. ట్రబుల్‌షూట్, తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, తర్వాత స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. ఇక్కడే బిట్‌లాకర్ కీ అడగవచ్చు.
3. తొమ్మిది వరసలు వస్తాయి. 9 నొక్కితే ఈ ఒక్కసారికి ఆటోమేటిక్ రీస్టార్ట్ ఆగుతుంది.
4. అదే మెనూలో 4 సేఫ్ మోడ్, 2 బూట్ లాగింగ్.

తెర నిలిచాక చూడాల్సినవి రెండే. ఒకటి స్టాప్ కోడ్, అంటే ఎందుకు ఆగిందో సూచించే పేరు. రెండోది, కొన్నిసార్లు దాని కింద వచ్చే "వాట్ ఫెయిల్డ్" అన్న లైను. ఈ రెండోదాన్ని చాలామంది వదిలేస్తారు, తప్పు చేసిన ఫైల్ పేరు ఉండేది అందులోనే. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా కంప్యూటర్లు బ్లూ స్క్రీన్‌లో చిక్కుకుని, శంషాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చిన రోజు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు తెరల మీద స్టాప్ కోడ్ కింద "సీఎస్ఏజెంట్" అన్న డ్రైవర్ ఫైల్ పేరు కనబడింది. స్టాప్ కోడ్ ఒక్కటే చూస్తే అది వంద కారణాలకు వచ్చే "పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా". ఫైల్ పేరు చూసినవాళ్లకు మాత్రం దోషి ఎవరో తెలిసింది.

సేఫ్ మోడ్‌లో బాగా ఆన్ అయి, మామూలుగా కాకపోతే డ్రైవర్ మీదో, ఈ మధ్య వేసిన సాఫ్ట్‌వేర్ మీదో అనుమానం పెట్టుకోవచ్చు. సేఫ్ మోడ్‌లో కూడా పడిపోతే ర్యామ్, డిస్క్ వైపు చూడండి.

## 7. మెసేజ్ వెళ్లిపోయాక వెతకడం

కంప్యూటర్ ఆన్ అయింది, కానీ ఇందాక ఏం జరిగిందో తెలియాలి. అప్పుడు చూడాల్సిన చోట్లు:

రిలయబిలిటీ హిస్టరీ. స్టార్ట్‌లో ఈ పేరు వెతకండి. రోజుల వారీగా ఎర్ర గుర్తులతో చూపిస్తుంది. కొత్తవాళ్లు దీనితో మొదలుపెట్టడం మంచిది.

ఈవెంట్ వ్యూయర్. విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ తెరిచి, కుడి పక్కన ఫిల్టర్ నొక్కి, క్రిటికల్, ఎర్రర్, వార్నింగ్ ఎంచుకోండి. గమనించాల్సిన నంబర్లు:

- 41: కంప్యూటర్ సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయింది.
- 6008: అదే సంగతి, ఎన్ని గంటలకు ఆగిందో కూడా చెబుతుంది.
- 1001, బగ్‌చెక్ పేరుతో: బ్లూ స్క్రీన్ కోడ్ ఇక్కడ ఉంటుంది.
- 7, 153, డిస్క్ పేరుతో: డిస్క్ చదవడంలో ఇబ్బంది పడుతోంది. వెంటనే బ్యాకప్.
- 7000: ఏదో సర్వీస్ మొదలు కాలేదు.

41 చూసి బెదిరిపోయేవాళ్లు చాలామంది. కరెంటు పోయినా అదే రాస్తుంది. దాని డీటెయిల్స్ ట్యాబ్‌లో బగ్‌చెక్ కోడ్ సున్నా ఉంటే బ్లూ స్క్రీన్ నమోదు కాలేదని, కరెంటు పోవడమో, బిగుసుకుపోవడమో, బటన్‌తో ఆపడమో జరిగిందని అనుకోవచ్చు. సున్నా కాకపోతే ఆ అంకెను క్యాలిక్యులేటర్ ప్రోగ్రామర్ మోడ్‌లో హెక్స్‌లోకి (పదికి బదులు పదహారు ఆధారంగా రాసే లెక్క) మార్చండి. ఉదాహరణకు 80 అని ఉంటే హెక్స్‌లో 50, అంటే ఇందాక చెప్పుకున్న పేజ్ ఫాల్ట్. వేసవిలో సాయంత్రం పూట వరసగా 41లు ఉంటే, ముందు మీ యూపీఎస్ బ్యాటరీ చూసుకోండి.

41 ఎప్పుడూ తర్వాతి బూట్‌లో రాసే ఎంట్రీ. కారణం దాని కన్నా ముందు ఉంటుంది. కాబట్టి 41 దగ్గర ఆగకుండా, కంప్యూటర్ ఆగిన సమయానికి ఐదు నిమిషాల ముందు నుంచి చదవండి.

బూట్ లాగ్. రికవరీ మెనూలో 2 నొక్కితే విండోస్ ఫోల్డర్‌లో ఎన్‌టీబీటీలాగ్ అనే టెక్స్ట్ ఫైల్ తయారవుతుంది. ఏ డ్రైవర్ లోడ్ అయిందో, ఏది కాలేదో వరసగా ఉంటుంది. బాగున్న కంప్యూటర్‌లో కూడా లోడ్ కానివి కొన్ని ఉంటాయి, వాటిని చూసి గాభరా వద్దు. బాగున్న రోజు లాగ్ ఒకటి దాచుకుని, చెడ్డ రోజు లాగ్‌తో పోల్చడం సరైన పద్ధతి.

మినీడంప్. బ్లూ స్క్రీన్ వచ్చినప్పుడు విండోస్ దాచే చిన్న మెమరీ డంప్ ఫైళ్ల ఫోల్డర్ ఇది, విండోస్ ఫోల్డర్‌లోనే ఉంటుంది. అందులోని ఫైళ్లను కాపీ చేసి టెక్నీషియన్‌కు ఇవ్వవచ్చు.

ఒక హెచ్చరిక. విండోస్‌కు డిస్కే అందని సందర్భంలో రాసుకోవడానికి చోటే ఉండదు, కాబట్టి ఈ లాగ్‌లలో ఏమీ దొరకదు. అలాంటప్పుడు ఫోన్ వీడియోయే ఆధారం.

లాగిన్ తర్వాత వచ్చే బాక్సులకు ఒక సులువు ఉంది. మామూలు విండోస్ మెసేజ్ బాక్స్ మీద ఒకసారి క్లిక్ చేసి కంట్రోల్, సీ నొక్కండి. నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే అక్షరం పొల్లుపోకుండా మొత్తం వచ్చేస్తుంది. తర్వాత టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ తెరిచి, ఆ ఫైల్ పేరుకు సంబంధించినది డిజేబుల్ చేసి చూడండి. ఎప్పుడో తీసేసిన సాఫ్ట్‌వేర్ తాలూకు మిగులు అయి ఉంటుంది చాలాసార్లు. తప్పిపోయిన డీఎల్‌ఎల్ కోసం ఏవేవో సైట్ల నుంచి డౌన్‌లోడ్ చేయకండి, ఆ సాఫ్ట్‌వేర్‌నే మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి.

## 8. ఉబుంటు వాడేవాళ్లకు

లినక్స్‌లో ఇది చాలా తేలిక. లోగో కనబడుతుండగా ఎస్కేప్ నొక్కితే వెనక లైన్లన్నీ కనబడతాయి.

అలా కాకపోతే, ఆన్ కాగానే ఎస్కేప్ నొక్కి, పాత బయోస్ అయితే షిఫ్ట్ పట్టుకుని, గ్రబ్ మెనూ (ఏ సిస్టమ్ ఆన్ కావాలో ఎంచుకునే జాబితా) తెప్పించండి. మొదటి వరస మీద ఉండి కీబోర్డులో ఇంగ్లిష్ అక్షరం E నొక్కండి. "లినక్స్" అని మొదలయ్యే పొడవాటి లైను చివర "క్వయట్ స్ప్లాష్" అని ఉంటుంది. ఆ రెండు మాటలు చెరిపి ఎఫ్10 నొక్కండి. ఈ ఒక్కసారికే వర్తిస్తుంది కాబట్టి భయం లేదు. ఎర్రగా "ఫెయిల్డ్" అని వచ్చిన లైన్లు మీకు కావాల్సినవి.

"ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్" అంటూ నిమిషంన్నర లెక్కపెడుతూ ఆగితే, పక్కన ఏ డిస్క్ పేరు ఉందో చూడండి. తీసేసిన హార్డ్ డిస్క్ వివరం ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో (ఆన్ అయ్యేటప్పుడు తెరవాల్సిన డిస్క్‌ల జాబితా) మిగిలిపోవడం దీనికి చాలాసార్లు కారణం. ఆన్ అయ్యాక లాగ్స్ అనే యాప్ తెరిస్తే, పాత బూట్‌ల మెసేజ్‌లు కూడా తేదీల వారీగా చూసుకోవచ్చు.

## 9. తరచూ వచ్చే మెసేజ్‌లు, మొదట చేయాల్సిన పని

"సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్" లేదా "డేట్ అండ్ టైమ్ నాట్ సెట్": సీఆర్2032 అనే 3 వోల్టుల సెల్ మార్చండి. వాచీల షాపులో కూడా దొరుకుతుంది. మార్చాక తేదీ, బూట్ ఆర్డర్, డిస్క్ మోడ్ సరిచేయండి.

"నో బూటబుల్ డివైస్", "రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్": పెన్‌డ్రైవ్ ఏదైనా ఉండిపోయిందా చూడండి. తర్వాత బయోస్‌లో డిస్క్ కనబడుతోందా? కనబడితే బూట్ ఆర్డర్ సరిచేయండి. కనబడకపోతే కేబుల్ తీసి గట్టిగా పెట్టండి.

"స్మార్ట్ స్టేటస్ బ్యాడ్": డిస్క్ చివరి దశలో ఉంది. ఇక్కడ నా మాట గట్టిగా వినండి: ముందు ఫైళ్లు కాపీ చేయాలి, చెక్‌డిస్క్ లాంటి రిపేర్లు కాదు. కొన ఊపిరితో ఉన్న డిస్క్‌ను గంటల తరబడి స్కాన్ చేస్తే, అందే ఫైళ్లు కూడా అందకుండా పోవచ్చు.

"ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్": ఈ మధ్య బయోస్ రీసెట్ అయిందా, సెల్ మార్చారా? అయితే డిస్క్ మోడ్ మారి ఉంటుంది. పాతది ఏదో దానికే పెట్టండి.

"సీపీయూ ఫ్యాన్ ఎర్రర్": క్యాబినెట్ తెరిచి ఫ్యాన్ తిరుగుతోందా చూడండి. ఎఫ్1 నొక్కి దాటేసి రోజులు గడపవద్దు.

ర్యామ్ మీద అనుమానం ఉంటే: ప్లగ్ తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి, ర్యామ్ తీయండి. బంగారు రంగు కాళ్ల మీద పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, టిక్కుమని శబ్దం వచ్చేదాకా తిరిగి నొక్కండి. రెండు ఉంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి.

తెర మీద ఫోన్ నంబరు ఉంటే: అది మోసం. నిజమైన బ్లూ స్క్రీన్ ఏ ఫోన్ నంబరుకూ చేయమనదు. ఎక్కువగా అది బ్రౌజర్ పేజీ, టాస్క్ మేనేజర్‌తో మూసేయండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

## 10. జనం ఎక్కువగా చేసే పొరపాట్లు

- మెసేజ్ చదవకుండా నాలుగు మార్పులు ఒకేసారి చేయడం. బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు. ఒకసారికి ఒక్క మార్పు.
- మెసేజ్‌ను సొంత మాటల్లో చెప్పడం. "బూట్ ఏదో అంటోంది" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఉన్నది ఉన్నట్టు రాయాలి, అంకెలతో సహా.
- షట్‌డౌన్ చేసి ఆన్ చేయడమే పూర్తి బూట్ అనుకోవడం. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ సగం నిద్ర లాంటిదే. పరీక్షించేటప్పుడు రీస్టార్ట్ వాడండి, లేదా షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి.
- "ఎప్పుడో ఒకసారే కదా" అని డిస్క్ మెసేజ్‌ను వదిలేయడం.

## 11. పని అయ్యాక

- ఫాస్ట్ బూట్, క్వయట్ బూట్ కావాలంటే మళ్లీ ఎనేబుల్ చేసుకోండి. ఎఫ్1 దగ్గర ఆగే సెట్టింగ్‌ను మాత్రం అలాగే ఉంచండి.
- ఇంట్లో వాడే కంప్యూటర్ అయితే ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్ పెట్టకపోయినా నష్టం లేదు.
- రికవరీ కీ రాసిన కాగితాన్ని ల్యాప్‌టాప్ బ్యాగులో కాకుండా బీరువాలో పెట్టండి.

మీ వల్ల కాక షాపుకు తీసుకెళ్తుంటే, ఒక చీటీ రాసి యంత్రంతో పాటు ఇవ్వండి:

- కంపెనీ, మోడల్ నంబరు, విండోస్ వెర్షన్
- ఏ దశలో ఆగుతోంది
- మొదటి మెసేజ్, ఉన్నది ఉన్నట్టు
- తర్వాత వచ్చినవి, వరసగా
- ఎప్పటి నుంచి, రోజులో ఏ వేళ, ప్రతిసారీనా అప్పుడప్పుడా
- అంతకుముందు ఏం మారింది: అప్‌డేట్, కొత్త సాఫ్ట్‌వేర్, కొత్త భాగం, పిడుగు, కరెంటు హెచ్చుతగ్గులు
- మీరు ఇప్పటికే చేసి చూసినవి
- "నన్ను అడగకుండా ఫార్మాట్ చేయవద్దు" అని ఒక లైను, కింద మీ ఫోన్ నంబరు